డిసెంబరు 30 సరే, జనవరి 30 మాటేమిటి?

ఏటా డిసెంబరు నెలాఖరుకి అండమాన్‌లో ఒక ఉత్సవం జరుగుతుంది. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో మువ్వన్నెల జెండా ఎగరేశారు. బ్రిటిషు పాలన నుంచి అందరికన్నా ముందు విడివడిన నేల మాదేనని ద్వీపవాసులు ఆ రోజు చెప్పుకుంటారు. 2018లో ఆ ఘట్టానికి 75 ఏళ్ళు నిండినప్పుడు ప్రధానమంత్రి అక్కడికి వెళ్ళి 150 అడుగుల స్తంభం మీద జెండా ఎగరేశారు. రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. తపాలా బిళ్ళ వచ్చింది, 75 రూపాయల నాణెం వచ్చింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా మారి శ్రీ విజయపురం అయింది.

ఈ ఉత్సవంతో నాకు తగాదా లేదు. నా తగాదా దాని తరవాత సరిగ్గా నెల రోజులకు వచ్చే మరో తేదీని మనం చూసే తీరుతో. 1944 జనవరి 30న పోర్ట్ బ్లెయిర్‌కి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న హంఫ్రీగంజ్ దగ్గర జపాన్ సైనికులు 44 మంది ద్వీపవాసుల్ని కాల్చి చంపారు. అక్కడొక స్మారకం ఉంది. ఏటా ఆ రోజున కొందరు వెళ్ళి పూలు పెట్టి వస్తారు. ఆ కొందరిలో చనిపోయినవాళ్ళ కుటుంబాలవాళ్ళు, ఊరివాళ్ళు, ఉద్యోగధర్మంగా వచ్చిన అధికారులు ఉంటారు. ఢిల్లీకి ఆ తేదీ పట్టదు. మన తెలుగు సంఘాల సావనీర్లకీ పట్టదు. జెండా ఎగిరిన రోజుని దేశమంతటికీ చెప్పుకుని, ఆ జెండా ఎగురుతూండగానే నేల కూలినవాళ్ళని ఊరివాళ్ళకి వదిలేశాం. ఇది న్యాయం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

నేను చరిత్రకారుణ్ణి కాను. హోసూరు వైపు తెలుగు కుటుంబంలో పుట్టి, బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, బదిలీ మీద మూడేళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేసినవాణ్ణి. లెక్కల పుస్తకం చూసే అలవాటు ఒకటి నాకు అబ్బింది. ఒక వైపే రాసి రెండో వైపు ఖాళీగా వదిలిన పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. అండమాన్ స్వాతంత్ర్య కథని మనం అలా ఒక వైపే రాసి, దాన్నే పైకెత్తి చూపిస్తున్నాం.

ముందు కాస్త పూర్వాపరాలు చూద్దాం. జపాన్ సేనలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. బ్రిటిషువాళ్ళు అప్పటికే చాలావరకు వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళు విముక్తిదాతలని నమ్మినవాళ్ళున్నారు. ఆ నమ్మకం ఎక్కువ రోజులు నిలవలేదు. ఇళ్ళల్లో జొరబడిన సైనికుల మీద ఎయిర్ గన్ పేల్చిన జుల్ఫికర్ అలీ అనే కుర్రవాణ్ణి పట్టుకుని, అందరూ చూస్తుండగా హింసించి కాల్చి చంపారు. తరవాత గూఢచారుల వేట మొదలైంది. సముద్రంలో జపాన్ ఓడ మునిగితే ఒడ్డున ఎవడో కబురు అందించాడన్నమాటే. అనుమానం వస్తే సెల్యులర్ జైలు. ఆ జైలు కట్టింది బ్రిటిషువాళ్ళు, అందులో ద్వీపవాసుల్ని చిత్రహింసలు పెట్టింది జపాన్‌వాళ్ళు. గోడలకి ఎవడి తాళమైనా ఒకటే.

అలా జైల్లో పడ్డవాళ్ళలో డాక్టర్ దివాన్ సింగ్ ఒకరు. ఆయన వైద్యుడు, పంజాబీ కవి. భారత స్వాతంత్ర్య సంఘానికి, అంటే ఇండియన్ ఇండిపెండెన్స్ లీగుకి, అండమాన్ శాఖ అధ్యక్షుడు. 1943 అక్టోబరులో ఆయన్ని అరెస్టు చేశారు. డిసెంబరు నెలాఖరులో నేతాజీ పోర్ట్ బ్లెయిర్ వచ్చి సెల్యులర్ జైలు చూశారు. అప్పుడు దివాన్ సింగ్ ఆ జైలు గోడల మధ్యనే ఉన్నారు. నేతాజీ వెంట అడుగడుగునా జపాన్ అధికారులే. చూపించదలిచింది చూపించారు, దాచదలిచింది దాచారు. నేతాజీ వెళ్ళిపోయాక రెండు వారాలకి, 1944 జనవరి 14న, దివాన్ సింగ్ హింసలకి తాళలేక కన్నుమూశారు. మరో పదహారు రోజులకి హంఫ్రీగంజ్. అక్కడ చనిపోయిన 44 మందిలో ఎక్కువమంది ఆ లీగు సభ్యులే.

ఈ వరస మరోసారి చూడండి. నేతాజీ ఉద్యమానికి తూర్పు ఆసియా అంతటా పునాది ఆ లీగే. ఆ లీగు స్థానిక నాయకుడు జైల్లో ఉండగా బయట మైదానంలో జెండా ఎగిరింది. ఆ జెండా దిగకముందే నాయకుడూ పోయాడు, సభ్యులూ పోయారు. అలాంటప్పుడు జెండా ఒక్కటే స్వాతంత్ర్యపోరాటం, కాల్పులు మాత్రం స్థానిక దుర్ఘటన ఎలా అవుతాయి?

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదాలు మూడు. మూడూ పెద్దమనుషులు చెప్పేవే కాబట్టి కొట్టిపారెయ్యను.

మొదటిది, ఇలా మాట్లాడితే నేతాజీని తక్కువ చేసినట్టవుతుందని. కాదు. నేతాజీకి ఆ దీవుల మీద ఎంత అధికారం దక్కిందో చూస్తే ఆయన మీద గౌరవం తగ్గదు, జాలి కూడా కలుగుతుంది. 1943 నవంబరులో టోక్యోలో జపాన్ ప్రధాని టోజో అండమాన్ నికోబార్ దీవుల్ని ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తున్నామని ప్రకటించాడు. 1944 ఫిబ్రవరిలో ఆజాద్ హింద్ తరఫున లోకనాథన్ పాలకుడిగా వచ్చారు. పోలీసు శాఖ ఇవ్వమని ఆయన అడిగితే జపాన్‌వాళ్ళు ఇవ్వలేదు. చివరికి ఆయన చేతికి వచ్చింది విద్యాశాఖ. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే దస్తావేజు ఇచ్చారు, స్వాధీనం ఇవ్వలేదు. స్వాధీనం లేని ఆస్తి మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు. మనం మాత్రం ఆ దస్తావేజు మీద ఉత్సవం చేస్తున్నాం, స్వాధీనంలో ఉన్నవాడు ఇంట్లోవాళ్ళని ఏం చేశాడో అడగం.

యానాం పాఠకులకి ఈ తేడా నేను చెప్పనక్కర్లేదు. వాళ్ళ కథ దీనికి తిరగబడ్డ కథ. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విముక్తమైంది. ఆ ఏడాది నవంబరు 1న పాలన చేతికొచ్చింది. చట్టబద్ధమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. అంటే స్వాధీనం ముందు, దస్తావేజు ఎనిమిదేళ్ళ తరవాత. పుదుచ్చేరి ప్రభుత్వం రెండు రోజుల్నీ పాటిస్తుంది. ఒకటి ఉంటే రెండోదానికి తలవంపు అని అక్కడ ఎవరూ అనుకోలేదు. అండమాన్‌లో మాత్రం రెండో తేదీని తలిస్తే మొదటి తేదీకి మైల పడుతుందని ఎందుకు భయం?

రెండో వాదం: చంపింది జపాన్‌వాళ్ళు, మనం పోరాడింది బ్రిటిషువాళ్ళతో. కాబట్టి అది యుద్ధకాలపు దురాగతమే తప్ప స్వాతంత్ర్యపోరాటం కాదు. ఈ లెక్కన స్వాతంత్ర్యం అంటే ఒక దొరని పంపించడమే, పరాయివాడి బూటుకాలు మెడ మీద లేకపోవడం కాదు. దొర రంగు మారితే దెబ్బకి విలువ తగ్గుతుందా? తోటి దేశస్థుల పేర్లు చెప్పమని గోళ్ళు పీకుతుంటే చెప్పనివాడు బ్రిటిషువాడి ఎదట అయితే యోధుడు, జపాన్‌వాడి ఎదట అయితే దురదృష్టవంతుడా?

నేను బ్యాంకులో పింఛన్ల బల్ల కూడా చూశాను కాబట్టి మరో మాట చెబుతాను. కేంద్రప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకిచ్చే పింఛనులో అన్నిటికన్నా పై వరస అండమాన్ మాజీ రాజకీయ ఖైదీలది. 2016 ఆగస్టు 15 నుంచి వాళ్ళ పింఛను నెలకి 30,000 రూపాయలు, ఆ పైన కరువుభత్యం. వాళ్ళకి ఇవ్వవలసిందే, నాకు అసూయ లేదు. అయితే అండమాన్ ఖైదీ అంటే బయటి నుంచి అండమాన్‌కి వచ్చి బాధపడినవాడు. అక్కడే పుట్టి అక్కడే బాధపడినవాడి పేరుతో ఆ పట్టికలో విడిగా వరస లేదు. బాధ కోసం ఓడెక్కి వస్తేనే మన లెక్కలో బాధ.

మూడో వాదం, జనవరి 30 గాంధీగారి వర్ధంతి, ఆ రోజున వేరే సంస్మరణకి చోటు లేదని. నిజానికి ఇంతకన్నా తగిన రోజు ఎక్కడ దొరుకుతుంది? దేశమంతా అమరవీరుల దినమని ఆ ఉదయం పదకొండు గంటలకి రెండు నిమిషాలు లేచి నిలబడుతుంది. హంఫ్రీగంజ్ వాళ్ళు ఆ నిశ్శబ్దంలో భాగం కావాలని అడుగుతున్నాం గాని వేరే నిశ్శబ్దం కొనిపెట్టమని అడగడం లేదు. దీనికి ఖర్చు కూడా లేదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3,80,581 మంది ఉంటే, అందులో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత స్థానం మనదే. వీళ్ళలో అత్యధికులు స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళినవాళ్ళ కుటుంబాలు. చేపల వేటకి వెళ్ళారు, రోడ్ల పనికి వెళ్ళారు, రేవుల్లో కూలికి వెళ్ళారు, తరవాత అంగళ్ళు పెట్టారు, పిల్లల్ని చదివించారు. ఇది గౌరవంగా చెప్పుకోదగిన కథ. దీన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడి, సంఘాల సభల్లో మనం చెప్పేదేమిటి? సెల్యులర్ జైల్లో తెలుగువాళ్ళ పేర్లు ఎన్ని దొరుకుతాయా అని వెతుకులాట. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్నట్టు.

ఆ పేర్లు ఉన్నాయి, గొప్ప పేర్లే. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడిన ఎందరో కొండవాళ్ళని అండమాన్ పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించి, తరవాత 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. 1933 కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వెంకటాచారి సెల్యులర్ జైలుకి వెళ్ళారు. వీళ్ళని తలుచుకోవాలి. అయితే వీళ్ళ త్యాగాన్ని చూపించి మనం ద్వీపంలో పెద్దరికం అడగకూడదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. రంప కొండల కోయదొరకీ, పోర్ట్ బ్లెయిర్‌లో సిమెంటు అంగడి నడిపే పెద్దమనిషికీ ఉన్న సంబంధం భాషే. ఆ మాత్రం సంబంధం 44 మందితో కూడా కలుపుకోవచ్చు. ఒకే నేల మీద బతుకుతున్నారు కాబట్టి.

ఈ వెతుకులాట అండమాన్‌లోనే కాదు, మన అందరిలోనూ ఉన్న జబ్బు. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మా వైపు తెలుగు బడుల గురించి విజ్ఞప్తులు రాసినప్పుడు చూశాను. మొదటి పేజీ నిండా రాజులు, కవులు, త్యాగధనులు. బడిలో పిల్లలెందరు, పంతుళ్ళెందరు, పుస్తకాలు ఎప్పుడొచ్చాయన్నది చివరి పేజీలో. రాజ్యాంగం 350-ఎ అధికరణంలో ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాటు చెయ్యాలని చెప్పింది. మీ తాత జైలుకెళ్ళాడా అని అందులో అడగలేదు. 1956లో ఆ అధికరణం చేర్చినప్పటినుంచీ అది మన హక్కు. హక్కుని బహుమానంలా అడిగితే ఇచ్చేవాడు కూడా బహుమానంలాగే చూస్తాడు, ఇవ్వకపోతే అడిగేదేముంది అంటాడు. చేసిన సేవకి ప్రతిఫలంగా భాషని అడిగే అల్పసంఖ్యాకుడు, సేవ చెయ్యని తన పొరుగువాడి భాషని ముందే వదులుకున్నట్టు లెక్క.

దీనికి అండమాన్‌లోనే ఒక రుజువుంది. జెండాకీ, జైలుకీ కూడా ముందు ఆ దీవుల కోసం పోరాడినవాళ్ళు అండమానీయులు. 1858 మార్చిలో బ్రిటిషువాళ్ళు 200 మంది ఖైదీలతో వచ్చి అడవి నరకడం మొదలుపెట్టారు. 1859 మే 17న అండమానీయులు అబర్డీన్ దగ్గర వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. విల్లంబులు ఒక పక్క, తుపాకులు ఒక పక్క. దాడి సంగతి ముందే దొరలకి చెప్పినవాడు దూధ్‌నాథ్ తివారీ. 1857 సిపాయిల తిరుగుబాటులో శిక్షపడి వచ్చి, పారిపోయి, ఏడాదిపాటు ఆ అండమానీయుల మధ్యనే బతికి, వాళ్ళ అమ్మాయిలని పెళ్ళాడినవాడు. కబురు చెప్పినందుకు అతనికి క్షమాభిక్ష దొరికింది. ఒక చోట తిరుగుబాటుదారు, ఇంకో చోట ఇన్‌ఫార్మరు. స్వాతంత్ర్య చరిత్ర ఇంత చిక్కుగా ఉంటుంది. దాన్ని సావనీరులో పట్టేంత సాపు చేస్తే అందులో అండమానీయుడు మిగలడు.

ఆ పోరాటానికీ ఒక స్మారకం ఉంది, ఏటా మే 17న పూలు కూడా పెడతారు. పూలు పెట్టించుకోవలసినవాళ్ళు ఎందరు మిగిలారు? ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 2011 లెక్కల్లో 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో భాష మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అని పిలిచే వృద్ధురాలు, 2010 జనవరి 26న చనిపోయింది. గణతంత్ర దినోత్సవం నాడు. తన భాషలో తనతో మాట్లాడేవాళ్ళు లేక, ఆమె చివరి ఏళ్ళలో పక్షులతో మాట్లాడేదని ఆమెని ఎరిగిన భాషావేత్తలు చెప్పారు. తెలుగు బడి మూతపడుతోందని గుండెలు బాదుకునే మనం ఆ మాట విని ఒక్క క్షణం ఆగకపోతే, మన భాషాభిమానం మన వీధి దాటనట్టే.

మన భాషలో ఒక మాటుంది: ద్వీపాంతరం. వాడికి ద్వీపాంతరం పడిందంటే వాడి బతుకు అయిపోయిందని అర్థం. అక్కడే పుట్టి అక్కడే ముసలివాళ్ళయిన తెలుగువాళ్ళు ఇప్పుడు వేలమంది ఉన్నారు. వాళ్ళ ఊరు మన నిఘంటువులో ఇంకా శిక్షే. ఉత్సవాల్లో కూడా మనం చేస్తున్నది ఇదే. దీవి అంటే జైలు, జైలు అంటే బయటి నుంచి వచ్చిన మహానుభావులు. దీవిలో మనుషులున్నారన్న సంగతి కథలోకి రాదు. సెల్యులర్ జైలుని 1979లో జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ఒకప్పుడు ఏడు రెక్కలుండే ఆ భవనానికి ఇప్పుడు మూడే ఉన్నాయి. వచ్చే యాత్రికులు అది చూసి కళ్ళు తుడుచుకుంటారు. తుడుచుకున్నాక స్వరాజ్ ద్వీప్ ఓడెక్కుతారు, సముద్రస్నానానికి. మంచిదే. 1945లో యుద్ధం ముగియబోతుండగా, తిండికి భారమని వందలమంది ద్వీపవాసుల్ని పడవల్లో తీసుకెళ్ళి ఆ హావ్‌లాక్ దగ్గర సముద్రంలోకి దించేశారు. ఈదగలిగి ఒడ్డు చేరినవాళ్ళు కూడా ఆకలితో పోయారు. స్వరాజ్ అన్న పేరు ఆ దీవికి తగినదే. ఎందుకు తగిందో మాత్రం వెళ్ళేవాళ్ళకి ఎవరూ చెప్పరు.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. డిసెంబరు 30కి ఏ స్థాయి అధికారులు, ఏ లాంఛనాలు ఉంటాయో జనవరి 30కీ అవే ఉండాలి. ఆ రోజు 44 పేర్లూ పైకి చదవాలి. చదివేది హిందీలోనో ఇంగ్లీషులోనో మాత్రమే కాదు, దీవుల్లో మాట్లాడే భాషలన్నిటిలోనూ రాసి బడిపిల్లల చేత చదివించాలి. తెలుగు బడిపిల్లలు తెలుగులో చదవాలి. అక్కడి తెలుగు సంఘాలు జనవరి 30 ఉదయం సంక్రాంతి సంబరాల బకాయి కార్యక్రమాలు పెట్టుకోకుండా హంఫ్రీగంజ్‌కి ఒక బస్సు కట్టించుకోవాలి. అక్కడ ముందు వరసలో కూర్చోనక్కర్లేదు, వెనక నిలబడితే చాలు.

మరో పని మనవాళ్ళే చెయ్యాలి. 1950లు, 60లలో పడవెక్కి వెళ్ళిన తొలి తరం తెలుగు జాలరులు, కూలీలు ఇంకా కొద్దిమంది బతికి ఉన్నారు. వాళ్ళు వెళ్ళేనాటికి జపాన్ కాలం చూసినవాళ్ళు అక్కడ నడివయసు మనుషులు. పక్కింట్లో ఉన్నవాళ్ళు, కలిసి వలలు లాగినవాళ్ళు. ఆ మాటలు చెవినపడ్డవాళ్ళు మన ముసలివాళ్ళు. త్యాగం చెయ్యలేదు గాని విన్నారు. విన్నది రాసిపెట్టడం కూడా ఒక పాత్రే, అది అబద్ధమాడకుండా మనం చెప్పుకోగల పాత్ర. రాసేవాళ్ళు దొరక్కపోతే టేప్ రికార్డరు పట్టుకునే కుర్రవాళ్ళు ఉన్నారు, ఇప్పుడది ప్రతి జేబులోనూ ఉంది.

ఈ మాటలు కొందరికి కటువుగా తోచవచ్చు. పండగపూట చావు కబురెందుకని అనవచ్చు. జెండాకి చావుతో పని లేదనుకునేవాళ్ళతో నాకు వాదన లేదు, వాళ్ళు పండగ చేసుకోవచ్చు. చావుల వల్లే జెండా అని ఏటా ఉపన్యాసాలిచ్చేవాళ్ళని మాత్రం అడుగుతున్నాను. వచ్చే జనవరి 30న మీ సంఘం ఎక్కడుంటుంది?